పాత టైల్స్ మీదే కొత్తవి వేయించవచ్చా? ఏ గది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: మా ఇల్లు కట్టి ఇరవై రెండేళ్లయింది. బాత్రూమ్ (1.5 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు) పడకగదికి ఆనుకుని ఉంటుంది. మధ్య గోడకు పడకగది వైపు అడుగు ఎత్తు దాకా రంగు ఉబ్బి పెచ్చులూడుతోంది, తెల్లటి పొడి రాలుతోంది. రెండుసార్లు లప్పం పెట్టించి రంగు వేయించాం. ఆరు నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. బాత్రూమ్‌లో పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి అతికిస్తే నాలుగు రోజుల్లో పని అయిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.2 మీటర్ల పొడవు. బాగా చీకటి. హాలుకూ దానికీ మధ్య గోడ తీసేసి, నడుమ ఒక గట్టు కట్టించి ఓపెన్ కిచెన్ చేద్దామనుకుంటున్నాం. హాలు విషయంలో మావారికి చెక్కపని ఉన్న పాతకాలపు తరహా ఇష్టం. మా అమ్మాయికేమో తెల్ల గోడలు, తక్కువ సామాను ఉండాలి. డెబ్బై ఆరేళ్ల మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు. అన్నీ ఒకేసారి చేయించే స్థోమత లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: బాత్రూమ్‌తో మొదలుపెట్టండి. అక్కడ మాత్రం టైల్స్ మీద టైల్స్ ఒప్పుకోకండి. మేస్త్రీ చెప్పిన పద్ధతి తప్పేమీ కాదు. పొడిగా ఉండే నేల మీద, గట్టు వెనక గోడ మీద పాత టైల్స్ గట్టిగా పట్టుకుని ఉంటే వాటి మీద కొత్తవి నిక్షేపంగా నిలుస్తాయి. కానీ మీ ఇంట్లో ఆ టైల్స్ అడుగున నీళ్లు తిరుగుతున్నాయి. ఆ తడిని లోపలే ఉంచి పైన మూత పెట్టినట్టవుతుంది.

టైల్‌లోంచి నీళ్లు దిగవు కాబట్టి నేల మొత్తం నీళ్లను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. దిగేది టైల్‌లోంచి కాదు, టైల్స్ మధ్య సందుల్లోంచి. ఆ సందుల్లో నింపే మామూలు సిమెంటు గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది. దాని కింద ఉన్న సిమెంటు పరుపు అంతకన్నా పీలుస్తుంది. నీళ్లను నిజంగా ఆపాల్సింది శ్లాబు మీద పూసే వాటర్‌ప్రూఫింగ్ పొర. అది మీ ఇంట్లో లేదో, ఇన్నేళ్లలో చిట్లిపోయిందో. పరుపులో నిలిచిన నీళ్లు పక్క గోడ ఇటుకల్లోకి ఎక్కుతాయి, దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను కరిగించుకుని పడకగది వైపు పైకి వస్తాయి. అక్కడ నీళ్లు ఆవిరైపోయి లవణాలు మిగులుతాయి. మీరు చూస్తున్న తెల్ల పొడి అదే. అది రంగు కింద గడ్డకడుతూ పెరుగుతుంది కాబట్టి రంగు ఉబ్బుతుంది. అందుకే ఎన్నిసార్లు లప్పం పెట్టించినా నిలవలేదు.

టైల్స్ మీద టైల్స్‌తో ఇంకో చిక్కుంది. కొత్త టైల్, దాన్ని అతికించే గమ్ కలిసి నేలను ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు లేపుతాయి. బాత్రూమ్ నేల పడకగది నేలకన్నా కనీసం రెండు సెంటీమీటర్లు కిందికి ఉండాలి. ఆ తేడా అక్కడే పోతుంది. ఒకరోజు నేల నీళ్లు బయటికి పోయే ట్రాప్‌లో వెంట్రుకలు అడ్డుపడ్డాయంటే నీళ్లు గడప దాటి గదిలోకి వస్తాయి.

పగలగొట్టే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో రూఢి చేసుకోండి. పంపు గొట్టం కారుతుంటే ఎంత మంచి వాటర్‌ప్రూఫింగ్ చేయించినా గోడ ఆరదు. పడకగది గోడ మీద పెచ్చులు గీకేసి, అరచేయి వెడల్పు చొప్పున రెండు మూడు చోట్ల తాకి చూడండి. స్నానాలయ్యాక కొన్ని గంటలకు తడి పెరిగి, బాత్రూమ్ వాడని రోజుల్లో తగ్గితే అది నేల నుంచో డ్రైన్ నుంచో వస్తోంది. వాడినా వాడకపోయినా ఒకేలా చెమ్మగా ఉంటే, ముఖ్యంగా ఒకచోట మచ్చ మిగతాచోట్లకన్నా పైకి పాకితే, గోడలోని నీళ్ల గొట్టాన్ని అనుమానించాలి. రాత్రి కొళాయిలన్నీ కట్టేసి మీటరు అంకె రాసుకోండి, పొద్దున్నే చూడండి. కదిలిందంటే ఎక్కడో కారుతోంది. మీటరు లేకపోతే ప్లంబర్‌ను పిలిచి లైనుకు గేజ్ బిగించి ప్రెషర్ పరీక్ష చేయించండి. మీరు చెప్పిన అడుగు ఎత్తు, గోడ పొడవునా ఒకే మట్టంలో ఉంటే నేల తడి అనే అనిపిస్తుంది. అయినా ఆ ఒక్క రాత్రి పరీక్ష మానకండి.

ఇక పని. టైల్స్, వాటి కింద పరుపు మొత్తం తీయించి శ్లాబు కనబడేదాకా వెళ్లాలి. గోడలకు స్నానం చేసే వైపు పైదాకా, మిగతాచోట్ల కనీసం అర మీటరు ఎత్తు టైల్స్ తీయాలి. శ్లాబు మీద దుమ్ము, వదులు సిమెంటు లేకుండా బ్రష్‌తో రుద్ది కడగాలి. ఈ మెట్టులో తొందరపడితే పైన పూసిన పొర దుమ్ముకు అతుక్కుంటుంది, శ్లాబుకు అతుక్కోదు.

బీటలు ఉంటే వెడల్పు చేసి నింపాలి. గొట్టాలు శ్లాబులోంచి దిగే చోట్ల, ట్రాప్ చుట్టూ, కుంచించుకుపోని గ్రౌట్‌తో పూడ్చాలి. చాలా బాత్రూమ్‌లు కారేది ఈ గొట్టం చుట్టూ ఉన్న వేలెడంత సందులోంచే. నేలా గోడా కలిసే మూలను నిటారుగా వదలకుండా సిమెంటుతో గుండ్రంగా తిప్పించండి. పూత మూలలో మడత పడితే అక్కడే చిట్లుతుంది కాబట్టి ఆ గుండ్రని చోట ఫైబర్ మెష్ పట్టీని మొదటి పూత తడి మీదే నొక్కి కూర్చోబెట్టాలి.

పూతకు సిమెంటు పొడి, పాలిమర్ ద్రవం కలిపే రెండు భాగాల రకం బాత్రూమ్‌కు బాగా సరిపోతుంది. రెండు పూతలు వేయాలి. మొదటిది అడ్డంగా లాగితే రెండోది నిలువుగా లాగాలి, బ్రష్ వదిలేసిన సన్న గీతలు అలా కప్పబడతాయి. మధ్యలో ప్యాకెట్ మీద చెప్పినంత సమయం ఆగాలి. గోడల చుట్టూ 30 సెంటీమీటర్ల ఎత్తు, స్నానం చేసే మూలలో 1.8 మీటర్ల ఎత్తు పూయించండి. గడప దగ్గర పూతను గడప కింద నుంచి పైకి తిప్పించడం మర్చిపోతారు, గుర్తుచేయండి. మీ కొలతలకు లెక్క ఇది: నేల 3.6 చదరపు మీటర్లు, చుట్టూ అంచు దాదాపు 2.3, స్నానం మూలలో మూడు గోడల మీద మిగిలిన ఎత్తు దాదాపు 5. మొత్తం 11 చదరపు మీటర్లు. ప్యాకెట్ మీద చదరపు మీటరుకు ఎన్ని కిలోలో రాసి ఉంటుంది, దాన్ని 11తో గుణించి చూసుకోండి. తెచ్చిన సరుకు అందులో సగమే అయితే పూత పల్చగా పడబోతోందని ముందే తెలిసిపోతుంది.

పూత ఆరాక ట్రాప్‌కు బిరడా బిగించి, గడప దగ్గర చిన్న అడ్డుకట్ట కట్టి, నాలుగైదు సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలపండి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీయండి. 48 గంటలు ఉంచండి. పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. ఎండకు ఆవిరైంది ఎంతో, కిందికి దిగింది ఎంతో ఆ బకెట్ చెబుతుంది. కింది అంతస్తు ఉంటే వాళ్ల పైకప్పు చూసి రండి. ఈ పరీక్ష గట్టెక్కకుండా ఒక్క టైల్ కూడా వేయనివ్వకండి. ఒప్పందం కాగితం మీద కూడా "వాటర్‌ప్రూఫింగ్ చేయాలి" అని ఒక ముక్క రాస్తే చాలదు. ఎన్ని పూతలు, ఎంత ఎత్తు, మూలల్లో మెష్, టైల్స్‌కు ముందు 48 గంటల నీటి పరీక్ష, ఆ తర్వాతే ఆ విడత డబ్బు అని రాయించండి.

వాలు సంగతి జాగ్రత్తగా చూడండి. ట్రాప్ గది చివర ఉంటే, తలుపు వైపు పొడిగా ఉండే 1.5 మీటర్లకు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున ఒకటిన్నర సెంటీమీటర్లు, స్నానం చేసే 90 సెంటీమీటర్లకు మీటరుకు రెండు చొప్పున దాదాపు 1.8 సెంటీమీటర్లు వాలు రావాలి. మొత్తం 3.3. ట్రాప్ దగ్గర పరుపు మందం మూడు సెంటీమీటర్లు ఉంటే తలుపు దగ్గరికి వచ్చేసరికి 6.3 అవుతుంది, పైన టైల్ కలిస్తే ఏడున్నర, ఎనిమిది. మీ శ్లాబు మీద అంత లోతు ఉందో లేదో పాత పరుపు తీసిన రోజే కొలిచి, రసమట్టం పెట్టి చివరి మట్టాన్ని నాలుగు గోడల మీదా గీయించండి. లోతు చాలకపోతే ట్రాప్‌ను దగ్గరికి తేవడమో, స్నానం మూలకు నాలుగు సెంటీమీటర్ల గట్టూ గాజు తలుపూ పెట్టడమో అప్పుడే తేల్చుకోవచ్చు. మీ అత్తగారు తిరిగే బాత్రూమ్ కాబట్టి గట్టుకన్నా ట్రాప్ మార్చడమే మేలు. కాలికి తగిలే ఎత్తు ఏదీ ఉండకూడదు.

గుండ్రని లేదా చదరపు ట్రాప్ మధ్యలో ఉంటే నేల నాలుగు వైపుల నుంచి దాని వైపు వంగాలి. పెద్ద టైల్ వంగదు, అందుకే అక్కడ మూలకు మూల కోస్తారు, ఆ కోతలు అందంగా రావు, వాలూ సరిగా రాదు. దానికి బదులు గోడ పక్కన పొడవాటి కాలువలాంటి డ్రైన్ పెట్టిస్తే నేలంతా ఒకే వైపు వాలుతుంది, టైల్ సైజు ఎంతైనా ఇబ్బంది ఉండదు. ఏ రకమైనా సరే, ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీటి అడ్డు నిలిచేది తీసుకోండి. డ్రైన్ వాసన ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నిలిచిన నీళ్లే.

నేల టైల్స్ మీద ఆర్10 లేదా అంతకన్నా ఎక్కువ జారుడు నిరోధక గుర్తు ఉండాలి. అతికించేటప్పుడు టైల్ వెనక ఐదు ముద్దలు పెట్టి గోడకు కొట్టే పద్ధతి ఇంకా నడుస్తోంది. ఒప్పుకోకండి. ముద్దల మధ్య డొల్ల మిగులుతుంది, అందులో నీళ్లు చేరతాయి, ఏదైనా బరువు పడితే టైల్ అక్కడే పగులుతుంది. గమ్‌ను పళ్ల తాపీతో ఒకే దిశలో గీతలుగా లాగి, పెద్ద టైల్ అయితే దాని వెనక కూడా పల్చగా పూసి, గీతలకు అడ్డంగా కదుపుతూ నొక్కాలి. పని మొదలైన గంటలో ఒక టైల్‌ను పీకించి వెనక చూడండి. వెనకంతా గమ్ అంటుకుని ఉంటే సరే, గీతలు గీతలుగానే కనబడితే ఒత్తిడి చాలలేదని అర్థం. టైల్‌కూ టైల్‌కూ మధ్య రెండు, మూడు మిల్లీమీటర్ల సందు వదిలి ఎపాక్సీ గ్రౌట్ నింపించండి. గోడా నేలా కలిసే మూలలో మాత్రం గ్రౌట్ వద్దు, సిలికాన్ కావాలి. ఆ రెండూ వేరువేరుగా కదులుతాయి, గట్టి గ్రౌట్ అక్కడ బీటవారుతుంది.

నేలకు నాలుగు చదరపు మీటర్ల టైల్స్ తెచ్చుకుంటే పది శాతం కోతలకు సరిపోతుంది. ఏటవాలుగా వేయించేట్టయితే పదిహేను శాతం ఎక్కువ కావాలి. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటే ఉండాలి. ఒక పెట్టె దాచుకోండి, పదేళ్ల తర్వాత అదే రంగు దొరకదు.

మీ అత్తగారి కోసం చేయాల్సినవి గోడ తెరిచి ఉన్నప్పుడే చేయాలి, తర్వాత చేయిస్తే కొత్త పూతకు చిల్లులు పడతాయి. కమోడ్ పక్కనా స్నానం చేసే చోటా నేల నుంచి 85 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకునే కడ్డీలు వేయించండి. మనిషి ఒక్కసారిగా బరువంతా వేసినా ఊడకూడదు కాబట్టి బోల్టు టైల్‌లోనో ప్లాస్టరింగ్‌లోనో కాకుండా ఇటుకలోకి దిగాలి, చిల్లు చుట్టూ సిలికాన్ నింపాలి. టవల్ కడ్డీని ఆ పనికి వాడనివ్వకండి, దాన్ని అంత బరువుకు చేయరు. కమోడ్ సీటు 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మోకాళ్లకు సుఖం. కమోడ్ మధ్యగీత నుంచి పక్క గోడకు కనీసం 40 సెంటీమీటర్లు, ముందు 60 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు వాళ్లే అడ్డమవుతారు.

గాలి తీసే ఫ్యాన్ గంటకు గది గాలిని ఎనిమిది నుంచి పదిసార్లు మార్చాలి. గది ఎత్తు 2.7 మీటర్లనుకుంటే మీ గది పరిమాణం 9.7 ఘనపు మీటర్లు, అంటే గంటకు కనీసం వంద ఘనపు మీటర్లు లాగే ఫ్యాన్ చాలు. తలుపు కింద ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల సందు వదలకపోతే అది తిరుగుతుందే తప్ప గాలి లాగదు. వాటర్ హీటర్‌కు విడిగా లైను, మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగిపోయే బ్రేకరు తప్పనిసరి. నీళ్లు చిమ్మే చోటికి 60 సెంటీమీటర్ల లోపు ప్లగ్ పాయింటు ఉండకూడదు.

గోడల్లో గొట్టాలు, వైర్లు వేశాక, ప్లాస్టరింగ్‌కు ముందు, ప్రతి గోడకూ టేపు సాగదీసి పట్టుకుని ఫొటోలు తీసుకోండి. మూల నుంచి గొట్టం ఎంత దూరంలో ఉందో టేపు మీద అంకె కనబడాలి. రేపు అద్దం బిగించడానికి డ్రిల్ పెట్టేటప్పుడు ఆ ఫొటో ఎంత అక్కరకొస్తుందో మీకే తెలుస్తుంది.

బాత్రూమ్ అయిన వెంటనే పడకగది గోడకు రంగు వేయించకండి. తడిసిన ఇటుక గోడ రెండున్నర సెంటీమీటర్ల మందానికి నెల చొప్పున ఆరుతుందని ఒక మోటు లెక్క ఉంది. నాలుగంగుళాల గోడ అయితే మూడు, నాలుగు నెలలు. పాడైన ప్లాస్టరింగ్‌ను చెమ్మ మచ్చకు పైన ఇంకో 30 సెంటీమీటర్లదాకా కొట్టించి ఇటుకను గాలికి వదిలేయండి. ఉప్పు పొడిని పొడి బ్రష్‌తో దులిపి ఊడ్చేయండి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. మంచాన్ని గోడకు దూరంగా జరపండి. చూడటానికి బాగోదు, నిజమే. కానీ దాన్ని కప్పడానికి చెక్క ప్యానెల్, వాల్‌పేపర్, "డ్యాంప్ ప్రూఫ్" రంగు లాంటివి ఏవీ వద్దు. తడికి బయటికొచ్చే దారి మూసేస్తే అది ఇంకా పైకి ఎక్కి రెండడుగుల ఎత్తులో బయటపడుతుంది.

ఆ మూడు, నాలుగు నెలల్లో వంటగది పూర్తి చేసుకోవచ్చు. డబ్బు విడతల వారీగా సర్దుకోవడానికీ వీలవుతుంది.

గోడ తీసేసే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఇల్లు చూపించండి. సన్నగా ఉంది కాబట్టి బరువు మోయడం లేదని చేత్తో తట్టి చెప్పే మాట నమ్మదగ్గది కాదు. పై అంతస్తులో సరిగ్గా అదే గీత మీద గోడ ఉందా, పైన దూలం ఉందా, శ్లాబు ఎటు నుంచి ఎటు ఆనుతోంది, ఇవన్నీ చూసి తేల్చాలి. గోడలో గాడులు కొట్టడానికీ హద్దుంది: నిలువు గాడి గోడ మందంలో మూడో వంతుకు, అడ్డ గాడి ఆరో వంతుకు మించకూడదు. వైర్ల కోసం గోడ ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా లోతైన గాడి కొట్టడం దాన్ని మధ్యకు కోసినట్టే.

ఇంజనీరు సరేనన్నా సరే, మొత్తం గోడ తీయించవద్దనే మా సలహా. నడుమ గట్టు కావాలంటే దానికే 60 సెంటీమీటర్లు, దాని రెండు వైపులా మీటరు చొప్పున నడక కావాలి. అంత చోటు మీ హాలులోంచి పోవాలి. దానికి బదులు, గట్టు మట్టం నుంచి పైకి 1.2 మీటర్ల వెడల్పు కిటికీలాంటి తెరుపు పెట్టించండి. తెరుపు పైన గోడ బరువు మోసే చిన్న దూలం (లింటెల్) వేసి, దాన్ని రెండు పక్కలా కనీసం 15 సెంటీమీటర్లు గోడ మీద ఆనించాలి. వెలుతురు వస్తుంది, హాలులో వాళ్లతో మాట్లాడుకోవచ్చు, కింద సామాను గోడ అలాగే ఉంటుంది.

వంటగది చిన్నదని దిగులు పడనక్కర్లేదు. 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ గృహ సముదాయాల కోసం గీసిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. మీ గదికి దాదాపు కవల. నేటి మాడ్యులర్ కిచెన్లకు మూలం అదే. ఆవిడ కిటికీ కింద పని గట్టు పెట్టింది, కూర్చుని పనిచేసుకోవడానికి తిరిగే స్టూలు ఇచ్చింది, పైకప్పుకు పట్టా వేసి దీపాన్ని కావలసిన చోటికి జరుపుకునేలా చేసింది. ఎన్ని అడుగులు వేయాలో లెక్కపెట్టి గీసిన వంటగది అది.

మీ లెక్క చూద్దాం. 1.9 మీటర్లలో రెండు వైపులా 60 సెంటీమీటర్ల గట్లు పెడితే నడుమ 70 మిగులుతుంది. కింది సొరుగు లాగితే మనిషి నిలబడలేడు. ఒక వైపు 60 గట్టు, ఎదుటి వైపు 30 సెంటీమీటర్ల లోతు నిలువు అరలు పెట్టండి. నడుమ సరిగ్గా ఒక మీటరు నడక వస్తుంది. తక్కువ లోతు అరల్లో వస్తువు వెనక వస్తువు దాగదు, అన్నీ కళ్లెదుటే ఉంటాయి. ఫ్రిజ్‌కు 70 సెంటీమీటర్ల లోతు కావాలి కాబట్టి దాన్ని తలుపు పక్కన హాలులోకి పంపించక తప్పదు. ఇక 3.2 మీటర్ల గట్టును ఇలా పంచుకోండి: గిన్నెలు ఆరబెట్టడానికి 50, సింకుకు 60, తరుక్కోవడానికీ కలుపుకోవడానికీ 90, పొయ్యికి 60, దించిన గిన్నె పెట్టుకోవడానికి చివర 60. అసలు పని జరిగేది ఆ నడుమ 90లో. దాన్ని మిక్సీలకూ డబ్బాలకూ ఇవ్వకండి.

గట్టు ఎత్తు ఎక్కువసేపు వంట చేసే మనిషిని బట్టి ఉండాలి. మోచేయి మడిచి నిలబడితే మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద గట్టు రావాలి. ఒక టేబుల్ మీద పుస్తకాలు పేర్చి, వాటి మీద పలక పెట్టి, పావుగంట కూరగాయలు తరిగి చూడండి. భుజాలు పైకి లేస్తుంటే ఎత్తు ఎక్కువైంది, నడుం వంగుతుంటే తక్కువైంది. 85 అనుకుంటే కింద కాలివేళ్లకు 10 సెంటీమీటర్ల ఎత్తు ఖాళీ, 72 పెట్టె, 3 రాయి. ఆ కింది ఖాళీ ఐదారు సెంటీమీటర్లు లోపలికి ఉండాలి, లేకపోతే గట్టుకు ఆని నిలబడలేక ముందుకు వంగాల్సి వస్తుంది.

కింది పెట్టెల్లో తలుపులకన్నా పూర్తిగా బయటికి వచ్చే సొరుగులు మంచివి. తలుపు తెరిచాక వంగి వెనక వెతకాలి, సొరుగైతే మొత్తం మీ ముందుకే వస్తుంది. సింకు కింద పెట్టెకు మాత్రం మరిగే నీటికి తట్టుకునే గ్రేడు ప్లైవుడ్ తప్పనిసరి. మిగతా చోట్ల ఏది వాడినా 18 మిల్లీమీటర్ల మందం ఉండాలి, కోసిన ప్రతి అంచుకూ, కంటికి కనబడని వెనక అంచుకు కూడా, పట్టీ అతికించాలి. ప్లై ఉబ్బేది తలుపు ముఖం నుంచి కాదు, ఆ తెరిచిన అంచు నుంచి. అరల పొడవు 80 సెంటీమీటర్లు దాటితే మధ్యలో ఆధారం పెట్టించండి, లేకపోతే బరువుకు కుంగుతాయి. వడ్రంగి కొలతలు గోడ టైల్స్, గట్టు రాయి పూర్తయ్యాకే తీసుకోవాలి. ముందే తీసుకుంటే సెంటీమీటరు తేడాతో పెట్టె పట్టదు.

చీకటికి కారణం దీపం చాలకపోవడం కాదు, అది ఉన్న చోటు. పైకప్పు మధ్యలో దీపం ఉంటే గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడే పలక మీద పడుతుంది. పై అరల కింద, ముందు అంచు దగ్గర, మీటరుకు 500 ల్యూమెన్లు ఇచ్చే ఎల్ఈడీ పట్టీని పాల రంగు మూత ఉన్న అల్యూమినియం గాడిలో పెట్టించండి. గోడ వైపు పెడితే వెలుగు టైల్స్ మీద పడుతుంది, మీ చేతుల మీద పడదు. రంగు 4000 కెల్విన్, సీఆర్ఐ (వస్తువుల రంగును ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉన్నది అడగండి. సీఆర్ఐ తక్కువైతే ఆకుకూర వాడిందో తాజాగా ఉందో కూడా తేడా తెలియదు. దాన్ని నడిపే డ్రైవర్‌ను గోడలో పూడ్చకండి, ముందు పాడయ్యేది అదే. పై అరలకూ గట్టుకూ మధ్య 55, 60 సెంటీమీటర్లు ఉండాలి. గ్యాస్ పొయ్యి పైన చిమ్నీ ఎంత ఎత్తులో బిగించాలో దాని కాగితంలో ఉంటుంది, మామూలుగా 65 నుంచి 75. గొట్టం 15 సెంటీమీటర్ల వ్యాసంతో, వీలైనంత తిన్నగా బయటికి పోవాలి. ప్రతి వంపూ దాని బలాన్ని తగ్గిస్తుంది.

హాలు దగ్గర మీ ఇంట్లో ఉన్నది పెద్ద గొడవేమీ కాదు. మార్చడం కష్టమైనవి (నేల, గోడలు, పైకప్పు, కిటికీలు) మీ అమ్మాయి మాట ప్రకారం తేలిగ్గా, వెలుగుగా ఉంచండి. జరపగలిగేవి మీవారి మాట ప్రకారం చెక్కలో చేయించండి: ఒక బల్ల, చేతుల కుర్చీలు, పుస్తకాల అర. తెల్లగోడ ముందు మంచి నగిషీ ఉన్న ఒక్క చెక్క వస్తువు ఎంత నిండుగా కనబడుతుందో, చెక్క గోడ ముందు పది పెట్టినా అంత కనబడదు. చెక్క రంగులు రెండుకు మించనివ్వకండి. తెలుపులోనూ పసుపు, నీలం, బూడిద ఛాయలు ఉంటాయి కాబట్టి డబ్బా మీది రంగు చూసి కొనకుండా, రెండడుగుల అట్ట మీద రెండు పూతలు వేసి, పొద్దున, మధ్యాహ్నం, దీపాల వెలుగులో ఆ గోడకే ఆనించి చూడండి.

హాలులో దీపాల రంగు 2700 నుంచి 3000 కెల్విన్, అంటే పసుపు ఛాయ వెలుగు, చాలు. మధ్యలో ఒకే పెద్ద దీపం కాకుండా కూర్చునే చోట, చదివే చోట, మూలలో, వేర్వేరు స్విచ్చులతో మూడు పెట్టించండి. ఫాల్స్ సీలింగ్ పది, పదిహేను సెంటీమీటర్ల ఎత్తు తినేస్తుంది. శ్లాబు 2.7 మీటర్లే ఉంటే దాని జోలికి వెళ్లవద్దు. అంచులు లేచే చిన్న తివాచీలు మీ అత్తగారి దారిలో వేయకండి. ఆవిడ కుర్చీ సీటు 45 సెంటీమీటర్ల పైన, చేతులు గట్టిగా ఉన్నదై ఉండాలి. పడకగది నుంచి బాత్రూమ్ దాకా నేలకు దగ్గరగా, మనిషి కదిలితే వెలిగే రెండు చిన్న దీపాలు పెట్టించండి.

ప్రతి విడతకూ అనుకున్న ఖర్చులో పదిహేను నుంచి ఇరవై శాతం పక్కన పెట్టుకోండి. ఇంత వయసున్న ఇంట్లో టైల్స్ తీశాక తుప్పు పట్టిన గొట్టమో, ఊచలు బయటపడ్డ శ్లాబో కనబడటం మామూలే. ఊచలు కనబడితే పూత ఆపి ముందు ఇంజనీరును పిలవండి.

వంటగది అయ్యాక పడకగది గోడకు తిరిగి రండి. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని ఇటుకల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించండి. రెండు రోజుల తర్వాత తీయండి. గోడ వైపు చెమట పట్టి ఉంటే లోపల ఇంకా తడి ఉంది, మరో నెల ఆగి మళ్లీ చూడండి. పొడిగా ఉంటే ప్లాస్టరింగ్ చేయించి, అది 28 రోజులు ఆరాక, గాలి ఆడే రకం ప్రైమరు, రంగు వేయించండి. మంచాన్ని మళ్లీ గోడ దగ్గరికి జరపవచ్చు.